చెంచయ్య వేసిన రెండో వాషరు

గుండ్లకొండ అడ్డరోడ్డు దగ్గర రాళ్ళ లారీలకు బ్రేకులు బాగుచేసే చెంచయ్య అనే మెకానిక్కు ఉండేవాడు. పని బాగా తెలిసినవాడే గానీ, తను చేసిన పనిని ఇంకొకరు పరీక్ష చేసి చూస్తే తన తల తీసేసినంత అవమానంగా అనుకునేవాడు.

ఆ అడ్డరోడ్డుకు దగ్గర్లోనే నల్లరాతి క్వారీలు ఉండేవి. అక్కడ కోసిన పెద్ద పెద్ద రాతి దిమ్మెలు ట్రైలరు లారీల మీద ఓడరేవుకు పోయేవి. పొద్దున లేస్తే రాతి పొడి. బళ్ళ మీద, చెట్ల మీద, టీకొట్టులో బోర్లించిన గ్లాసుల మీద కూడా పొడి పడుతూనే ఉండేది.

ట్రైలరు లారీ అంటే రెండు బళ్ళు. ముందుది ఇంజను ఉన్న బండి, వెనకది బరువు మోసే బండి. డ్రైవరు కాలు ముందు బండిలో ఉంటుంది. అతను బ్రేకు తొక్కితే వెనక బండి కూడా ఆగాలి కదా! ఆ కబురు గాలి పైపులో పోతుంది. రెండు బళ్ళ మధ్య ఎర్ర పైపు ఒకటి, పసుపు పైపు ఒకటి వేలాడుతుంటాయి. ఎర్రది వెనక బండిలో గాలి నింపి ఉంచుతుంది. పసుపుది డ్రైవరు కాలి కబురు మోసుకుపోతుంది. పైపుల కొసల్లో ఇనప మూతులు ఉంటాయి. దణ్ణం పెట్టేటప్పుడు రెండు అరచేతులు కలిపినట్టు ఆ మూతులను కలిపి బిగిస్తారు. వాటి మధ్య గాలి పోకుండా కాపాడేది రబ్బరు వాషరు. చంటిపిల్ల గాజంత ఉంటుంది.

ఆ వాషరు వెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. పాతది తీసేశాక గాడిలో చేరిన పొడిని బ్రష్షుతో, గుడ్డతో పూర్తిగా తుడవాలి. కొత్తదాన్ని సబ్బునీళ్ళతో తడిపి, బొటనవేలితో చుట్టూ నొక్కుతూ గాడిలో కూర్చోబెట్టాలి. ఇనప ముక్కతో పొడవకూడదు. పొడిస్తే అంచు మడత పడుతుంది. గ్రీజు పుయ్యకూడదు. అంతా అయ్యాక ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు జాయింటు మీద సబ్బునురగ వేసి చూడాలి. బుడగ లేచిందంటే పని చెడిపోయినట్టు. ఒక టీ తాగేంత సేపు పడుతుంది, అంతే.

ఇదంతా చెంచయ్యకు తెలుసు. మిగతావన్నీ తీరికను బట్టి చేసేవాడు. ఆ చివరిది మాత్రం ఎన్నడూ చెయ్యనిచ్చేవాడు కాదు.

"డాక్టరు సూది వేశాక, సరిగ్గా దిగిందో లేదో చూపించమని అడుగుతారంట్రా ఎవరైనా?" అనేవాడు డ్రైవర్లతో.

రోడ్డుకు అవతల మస్తానమ్మ అనే ఆమె పంక్చరు షాపు నడుపుతుండేది. ఎంత చిన్న పంక్చరు వేసినా ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ లేస్తుందేమోనని చుట్టూ తిప్పి చూశాకే ఇచ్చేది.

"ఇరవై ఏళ్ళ నించి పంక్చర్లు వేస్తన్నావు. ఇంకా ఆ తొట్టేందమ్మాయ్? నీ చెయ్యి మీద నీకే నమ్మకం లేదా?" అని ఒకసారి చెంచయ్య ఎగతాళి చేశాడు.

"లేదన్నా. నా చెయ్యికి ఆకలేస్తది, నిద్దరొస్తది, నా మొగుడి మీద కోపం వస్తది. నీళ్ళకు ఇయ్యేం రావు" అంది మస్తానమ్మ, తల ఎత్తకుండానే.

టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. చెంచయ్య నవ్వలేదు.

చెంచయ్య దగ్గరికి వచ్చే డ్రైవర్లలో మాలకొండయ్య అనే అతను ఉండేవాడు. నెమ్మదస్తుడు. తాగడు, బండి మీద ఉంటే ఎవరితోనూ పందెం వెయ్యడు. ఇరవై రెండేళ్ళ నుంచి రాళ్ళ బండి తోలుతున్నా అతని చేతిలో కోడిపిల్ల కూడా చావలేదని చెప్పుకునేవారు. అతనికి పొలం లేదు, పుట్ర లేదు. ఆ హెవీ లైసెన్సు, ఆ మంచి పేరు, ఆ రెండే అతని ఆస్తి. లైసెన్సును ప్లాస్టిక్కు కవర్లో పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకునేవాడు.

అతని సీటు కింద ఒక చెంబు, చిన్న డబ్బాలో సబ్బుపొడి ఉండేవి. బండి కదిలేముందు నురగ చేసి రెండు జాయింట్ల మీదా వేసి చూసుకునేవాడు.

"మాలకొండయ్య మళ్ళీ బండికి తలంటు పోస్తన్నాడ్రోయ్! సాంబ్రాణి పొగ కూడా వెయ్యి మామా!" అని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవారు.

"నా బండి, నా ఇష్టం. మీకు చేతనైతే మీరూ పొయ్యండి" అనేవాడు అతను.

కానీ ఈ తలంటు ఎప్పుడూ క్వారీలోనే జరిగేది. చెంచయ్య కంట పడకుండా జాగ్రత్తపడేవాడు. చెంచయ్యను అతను సొంత అన్నలా చూసుకునేవాడు. అన్న మనసు నొప్పించడం అతనికి ఇష్టం ఉండేది కాదు.

ఒకరోజు పొద్దున ఓడకు రాయి అందాలని తొందర వచ్చింది. చెంచయ్య షెడ్డు ముందు ఏడు బళ్ళు వరస కట్టాయి. మాలకొండయ్య బండి అప్పటికే రాయి ఎత్తుకుని వచ్చింది.

"పసుపు పైపు దగ్గర బుస్సుమంటుందన్నా. వాషరు మార్చు" అన్నాడు మాలకొండయ్య.

చెంచయ్య పాత వాషరు పీకేశాడు. గాడి నిండా రాతి పొడి గడ్డ కట్టి ఉంది. వేలితో ఒకసారి గీకి వదిలేశాడు. కొత్త వాషరు సరిగ్గా కూర్చోలేదు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు. చెంచయ్య స్క్రూడ్రైవరు తీసి ఒక పక్క పొడిచి లోపలికి తోశాడు. మూతులు కలిపి బిగించాడు.

"తొక్కు!" అని కేక వేశాడు.

మాలకొండయ్య బ్రేకు తొక్కాడు. సన్నగా, పాము బుసలా చప్పుడు వచ్చింది. చెంచయ్య చుట్టూ చూసి, వేలికి గ్రీజు తీసుకుని జాయింటు చుట్టూ దట్టంగా పూశాడు. చప్పుడు ఆగిపోయింది.

"అయిపోయింది, పో తమ్ముడూ!" అన్నాడు.

మాలకొండయ్య కిందికి దిగి వచ్చాడు. చేతిలో చెంబు ఉంది. చెంబు నిండా నురగ.

"ఏందది?" అన్నాడు చెంచయ్య.

"ఏం లేదన్నా. బండి మీద రాయి ఉంది కదా. కొండ మీంచి కనుమ దిగాల. ఒక్కసారి చూసుకుని..."

"నా షెడ్డులో, నా పని మీద, నా ముందర నురగ పెడతావా?" చెంచయ్య గొంతు పెరిగింది. "పదిహేనేళ్ళ నించి నీ బండి చూస్తన్నా. ఎప్పుడన్నా మాట వచ్చిందా?"

"రాలేదన్నా."

"మరి? ఒరే, చూడండ్రా! నా చేతి పనికి మాలకొండయ్య పరీక్ష పెడతాడంట! నేను తప్పితే స్కూలుకు పంపిస్తాడంట!"

వరసలో ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. మాలకొండయ్య మొహం చిన్నబోయింది.

"అట్టా కాదన్నా..."

"ఎట్టా అయినా సరే. నా మీద నమ్మకముంటే ఆ నీళ్ళు కింద పారబొయ్యి. దారిలో కూడా నా పని మీద నురగ పెట్టనని మాటియ్యి. నమ్మకం లేదంటావా, ఇప్పుడే పైపు ఊడదీస్తా, ఇంకో షెడ్డు చూసుకో. మళ్ళీ నా గడప తొక్కొద్దు."

మాలకొండయ్య చెంబు వంచాడు. నురగ అంతా రాతి పొడిలో ఇంకిపోయింది.

"మాటిస్తన్నానన్నా. నీ చెయ్యి మీద నమ్మకంతోనే పోతన్నా" అని బండి ఎక్కాడు.

అతను మాట ఇస్తే తప్పేవాడు కాదు. దారిలో ఒకచోట టీ తాగడానికి ఆగినా, జాయింటు వైపు వెళ్ళలేదు.

బండి ఊగినప్పుడల్లా పైపు ఊగింది. పైపు ఊగినప్పుడల్లా గ్రీజు కొంచెం కొంచెం జారిపోయింది. పదకొండు గంటలకు మాలకొండయ్య కనుమ దిగుతున్నాడు. మలుపు తిరగ్గానే బండికి ముందు మిరపకాయల కోతకు పోయే ఆడకూలీల ఆటో నెమ్మదిగా పోతూ కనబడింది. బ్రేకు తొక్కాడు. వెనక బుస్సుమని పెద్ద చప్పుడైంది. ముందు బండి పట్టుకుంది. వెనక బండి పట్టుకోలేదు. రాతి బరువంతా ముందు బండిని వెనక నుంచి నెట్టసాగింది.

ఆటోలో ఎనిమిది మంది ఉన్నారు. మాలకొండయ్య స్టీరింగు కొండ వైపు తిప్పేశాడు. బండి కొండరాళ్ళను గుద్దుకుని ఆగింది. ట్రైలరు మీద గొలుసు తెగి, రాతి దిమ్మె ముందుకు జారి, కేబిను వెనక గోడను నొక్కేసింది. అతన్ని బయటికి తియ్యడానికి రెండు గంటలు పట్టింది. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆటోలో ఒక్కరికి కూడా గీత పడలేదు. కానీ పోలీసులు అడిగితే ఆ ఆడవాళ్ళు ఏం చెప్తారు? చూసింది చూసినట్టు చెప్పారు.

"దెయ్యం పట్టినట్టు వచ్చిందయ్యా లారీ! మేం చచ్చామనుకున్నాం."

బండి ఓనరు చెంచయ్యకు ఫోను చేశాడు. "గుద్దుకున్నాక గాలంతా పోయి ట్రైలరు చక్రాలు పట్టేశాయంట. క్రేనుతో లాగాలంటే బ్రేకులు వదిలించాల. నువ్వెళ్ళి చూడు" అన్నాడు.

చెంచయ్య పనిముట్ల సంచి వేసుకుని కనుమ దగ్గరికి వెళ్ళాడు. పసుపు పైపు జాయింటు దగ్గర వంగి చూశాడు. వాషరు గాడిలోంచి సగం బయటికి వచ్చి నాలుకలా వేలాడుతోంది. స్క్రూడ్రైవరుతో పొడిచిన చోటే అంచు మడతపడి ఉంది. గ్రీజు, రాతి పొడి కలిసి పిండిలా అంటుకుని ఉన్నాయి.



"ఏం చేస్తన్నావయ్యా అక్కడ?" అని కాపలా ఉన్న కానిస్టేబులు అడిగాడు.

"బ్రేకు పట్టేసింది సార్. వదిలిస్తన్నా" అన్నాడు చెంచయ్య.

"కానీ, కానీ" అంటూ కానిస్టేబులు నీడలోకి వెళ్ళాడు.

చెంచయ్య పాత వాషరు పీకి జేబులో వేసుకున్నాడు. గాడిని బ్రష్షుతో తోమాడు. తడిగుడ్డతో తుడిచాడు, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచాడు. మూతి చుట్టూ ఉన్న గ్రీజునంతా కడిగేశాడు. కొత్త వాషరు తీసి, సీసాలో ఉన్న సబ్బునీళ్ళతో తడిపి, బొటనవేలితో చుట్టూ మెల్లగా నొక్కుతూ కూర్చోబెట్టాడు. ఎక్కడైనా ఎత్తుగా ఉందేమోనని వేలు తిప్పి తిప్పి చూశాడు. అతను తన జన్మలో ఏ వాషరూ అంత శ్రద్ధగా వెయ్యలేదు.

మర్నాడు ఆ ట్రైలరును అడ్డరోడ్డు దగ్గరికి లాక్కొచ్చి ఖాళీ స్థలంలో నిలబెట్టారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇంకో లారీ తెప్పించి గాలి పట్టించాడు. జాయింట్ల మీద వెయ్యడానికి సబ్బునురగ తెమ్మన్నాడు. బ్రేకు తొక్కించి, కళ్ళజోడు సర్దుకుని, వంగి చూశాడు.

ఒక్క బుడగ కూడా లేవలేదు.

"శభాష్! వాషరు వేస్తే ఇట్లా వెయ్యాలి. ఎవరి పని ఇది?" అన్నాడు.

"నాదే సార్" అన్నాడు చెంచయ్య.

మస్తానమ్మ చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చింది. ఆమె కాసేపు జాయింటు వైపు చూసింది.

"సారూ, ఒక్క మాట. బండంతా రాతి పొడి కొట్టుకుపోయి ఉంది. ఆ పసుపు మూతి ఒక్కటే కడిగిన మొహంలా ఉందేంది? అది నిన్న కనుమ దిగిన వాషరు కాదు సారూ. తర్వాత వేసింది."

"నువ్వెవరమ్మా?"

"పంక్చరు షాపు నాది, అదిగో."

"అయితే వెళ్ళి టైర్లు చూసుకో తల్లీ. బ్రేకులు మేం చూస్తాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మస్తానమ్మ చెంచయ్య వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

అందరూ వెళ్ళాక ఆమె అతని షెడ్డు ముందుకు వచ్చింది.

"పాత వాషరు ఎక్కడుందన్నా?"

"ఏ పాతది?"

"నేను నవ్వులపాలైతే అయ్యాలే. నువ్వు చెప్తే వింటారు. ఆయన కాలు పోయింది, పేరన్నా మిగల్చన్నా."

"నీ పని నువ్వు చూసుకో అమ్మాయ్" అన్నాడు చెంచయ్య. ఆ రోజు తర్వాత మస్తానమ్మ అతనితో మాట్లాడలేదు.

ఇన్‌స్పెక్టరు ఆసుపత్రికి కూడా వెళ్ళాడు. అప్పుడు చెంచయ్య మంచం పక్కనే ఉన్నాడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయయ్యా. నేనే చూశాను. నువ్వే స్పీడుగా వచ్చి ఉంటావు. మెకానిక్కు పనిలో ఏమైనా తేడా ఉందంటావా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

మాలకొండయ్య చెంచయ్య వైపు చూశాడు.

"అన్న పనిలో తేడా ఉండదు సార్. మీరే చూశానంటున్నారు కదా. నాకు వెనక బుస్సుమన్నట్టు అనిపించింది... కంగారులో అట్టా వినపడిందేమో. నేనే ఎక్కడో తొందరపడి ఉంటాను" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆ మాట రాసుకున్నాడు. చెంచయ్య జేబులో ఆ పాత వాషరు ఉంది. 

మాలకొండయ్య లైసెన్సు రద్దయింది. అతివేగమని కాగితం మీద రాశారు. కాలు అతని తప్పు వల్లే పోయిందన్నారు కాబట్టి ఓనరు కూడా చేతులు దులుపుకున్నాడు. అతని భార్య నాగరత్తమ్మ రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో కూలికి చేరింది.

చెంచయ్య షెడ్డుకు మాత్రం బళ్ళు పెరిగాయి. ఇన్‌స్పెక్టరే శభాషన్నాడని చుట్టుపక్కల అంతా చెప్పుకున్నారు. డ్రైవర్లెవరూ పరీక్ష మాట ఎత్తడం మానేశారు.

ఇలా పదకొండు నెలలు గడిచాయి. ఒకరోజు కొత్తగా వచ్చిన డ్రైవరు ఒకడు షెడ్డులో కూర్చుని, "ఎవడో మాలకొండయ్యంట, తప్పతాగి కనుమ దిగాడంట కదా! అట్టాంటోళ్ళ వల్ల డ్రైవర్లందరికీ చెడ్డపేరు" అన్నాడు.

చెంచయ్య చేతిలోని పానా కింద పడింది. ఆ మనిషి జన్మలో చుక్క ముట్టలేదని అతనికి తెలుసు. అతను ఆ పని అలాగే వదిలేసి, నేరుగా మాలకొండయ్య ఇంటికి నడిచాడు.

మాలకొండయ్య వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మోకాలి కింద ఆగిపోయిన ఆ కుడికాలు ఉండుండి కిందికి అదురుతోంది. లేని పాదంతో బ్రేకు తొక్కుతున్నట్టుంది.

"రా అన్నా, కూర్చో. నాకొకటి చెప్పు. కనుమ మలుపులో నేను ఎంత స్పీడులో ఉండి ఉంటానంటావు? ఎంత గుర్తు చేసుకున్నా నెమ్మదిగానే ఉన్నట్టు ఉంది. తొక్కినట్టే ఉంది. మరి బ్రేకు బాగున్నప్పుడు బండి ఎందుకు ఆగలేదు? నాకేమన్నా మతి పోయిందా?" అన్నాడు.

చెంచయ్య కూర్చోలేదు. ఇన్నాళ్ళూ జేబులోనే మోస్తున్న మడతపడిన వాషరు తీసి మంచం మీద పెట్టాడు. గ్రీజు సంగతి, కనుమలో మార్చిన సంగతి, అన్నీ చెప్పేశాడు.

మాలకొండయ్య వాషరు చేతిలోకి తీసుకుని, మడతపడిన అంచును వేలితో తడిమి చూశాడు.

"అంటే నేను తొక్కాను కదన్నా?"

"తొక్కావు తమ్ముడూ."

"సరిగ్గానే తొక్కాను కదా?"

"సరిగ్గానే తొక్కావు."

"ఈ మాట బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆఫీసులో చెప్తావా? నడవలేనులే, నన్ను రిక్షాలో తీసుకుపో. కాలు ఎట్టాగూ రాదు. నా పేరన్నా నాకు రానీ."

ఇద్దరూ వెళ్ళారు. పాత ఇన్‌స్పెక్టరు బదిలీ అయిపోయాడు. కొత్తాయన అంతా విన్నాడు. ఫైలు తెప్పించి చూశాడు.

"ఇందులో ఏముందో తెలుసా? జాయింటు పరీక్ష చేశారు, ఒక్క బుడగ కూడా రాలేదు. వాషరు పక్కాగా ఉందని రాశారు. మెకానిక్కు పనిలో తేడా లేదని డ్రైవరే చెప్పాడు. ఇప్పుడు మీరిద్దరూ కలిసి, ఎక్కడిదో ఒక చెడిపోయిన వాషరు తెచ్చి, కాదంటారు. ఇది ఆ బండిదేనని రుజువేది?"

"నేనే చెప్తన్నా కదా సార్! నేనే మార్చాను! నన్ను జైల్లో పెట్టండి!" అన్నాడు చెంచయ్య.

"జాలిపడి స్నేహితుడి కోసం చెప్తున్నావని నాకు తెలుసులేవయ్యా. ఆ రోజే చెప్పి ఉంటే వేరు. కేసు మూసేశారు. వెళ్ళండి" అని ఆయన ఫైలు కట్టేశాడు.

ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. మాలకొండయ్య ఏడవలేదు, తిట్టలేదు. చివరికి ఒక్క మాట అడిగాడు.

"ఒక్క బుడగ కూడా రాలేదంటన్నా! అంత బాగా వెయ్యడం నీకు వచ్చు కదా. మరి నేను బండెక్కకముందే ఎందుకు వెయ్యలేదన్నా?"

 

నీతి: మన పనిని పరీక్ష చేసి చూసేవాడు మనల్ని అవమానించడం లేదు, మన తప్పు ఇంకొకరి మీద పడకముందే మనల్ని కాపాడుతున్నాడు, అహంకారంతో అతన్ని అడ్డుకుని, జరిగిన తప్పును ఆనాడే ఒప్పుకోకపోతే, తర్వాత ఎంత నిజం చెప్పినా పోయింది తిరిగి రాదు.